పోతురాజు డాన్సు పరీక్ష

పోతురాజు అనే పేరు వింటే మా వైపు వాళ్లకి ఊరి పొలిమేరలో పసుపు రాసిన రాయి గుర్తొస్తుంది. నాకు వాల్ట్జ్ అనే దొరల డాన్సు గుర్తొస్తుంది. నవ్వితే నవ్వండి. మొదట నేనూ నవ్వినదాన్నే, అదీ ఆయన మొహం మీదే. ఆ సిగ్గు ఇంకా పోలేదు కాబట్టే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

డెబ్భై మూడులో నేను బెజవాడలో రైల్వే టైపిస్టుని. పేరు రామతులసి, ఇల్లు పటమట. కూతురు ఉద్యోగం చేస్తోందని మా నాన్న బసవయ్యగారు పదిమందిలో మీసం దువ్వేవారు. ఇంట్లో మాత్రం పావుగంట ఆలస్యానికి పది ప్రశ్నలు వేసేవారు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నాకు మా సూపరింటెండెంటు లోకో కాలనీ క్లబ్బు లైబ్రరీని అంటగట్టాడు. వారానికి రెండు సాయంత్రాలు వెళ్లి పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవాలి. మూడు బీరువాలు, ఒక బల్ల, అంతే లైబ్రరీ. కాకపోతే ఆ గదికి పక్కన ఒక తలుపుంది. అది తెరిస్తే డాన్సు హాలు.

హాలు దొరల కాలం నాటిది. నేలంతా టేకు చెక్క. శనివారం సాయంత్రం అక్కడ తెరేసమ్మగారి క్లాసు జరిగేది. ఆవిడ ఆంగ్లో ఇండియన్, మెయిలింజను డ్రైవరు భార్య. ఆయన పోయి చాలా ఏళ్లయింది. రిజిస్టర్లో ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది గానీ, గుణదల చర్చి దగ్గర్నుంచి లోకో షెడ్డు దాకా అందరికీ ఆవిడ తెరేసమ్మే. అరవై దాటినా కర్రలా నిటారుగా గ్రామఫోను పక్కన నిలబడి, "నడుం ఎక్కడ పెట్టొచ్చావు, ఇంట్లోనా?" అని ఆఫీసర్లని పచ్చి తెలుగులో కేకలేసేది.

ఆ హాలుకి అటెండరు పోతురాజు. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, ఖాకీ చొక్కా, ఎప్పుడూ కాస్త వంగిన భుజాలు. బందరు అవతల సముద్రపొడ్డు పల్లె ఆయనది. వయసులో వలలు లాగి, తర్వాత రైల్వేలో ఖలాసీగా చేరి, చివరికి ఈ క్లబ్బులో తేలాడు. శనివారం మధ్యాహ్నం హాలు తుడిచి, క్యారమ్ బల్ల మీద చల్లే పౌడరే నేలంతా చల్లి, పాదాలకి దుప్పటి ముక్కలు కట్టుకుని అటూ ఇటూ జారుతూ నున్నగా చేసేవాడు.

క్లాసుకి వచ్చేవాళ్లంతా మగవాళ్లు. రేపు ఏ కలకత్తాకో బదిలీ అయితే పార్టీల్లో పరువు దక్కాలని మన తెలుగు ఆఫీసర్లకి డాన్సు మీద మోజు. భార్యల్ని కూడా తీసుకురమ్మంటే మాత్రం "ఆవిడకి తలనొప్పండీ" అనేవాళ్లు. ఆ కాలనీలో ఆడవాళ్లందరికీ సరిగ్గా శనివారమే తలనొప్పి వచ్చేది. ఒంటరిగా ఆడే డాన్సులు కావాయె. అందుకని తెరేసమ్మగారు పోతురాజుని పిలిచి, ఆడవాళ్ల వంతు నేర్పి, ఒక్కో ఆఫీసరుకీ అప్పగించేది. మగవాడు ముందుకి అడుగేస్తే ఆడమనిషి వెనక్కి వెయ్యాలి. అలా పోతురాజు పన్నెండేళ్లు వెనక్కి నడిచాడు. వల లాగేవాడు తాడు పట్టుకుని ఒడ్డు మీద వెనక్కే నడుస్తాడట, అందుకని తనకదేం కొత్త కాదని ఆయనే చెప్పాడు. ఆఫీసర్లు బూటుకాళ్లతో వేళ్లు తొక్కితే "పర్లేదండీ" అనేవాడు.

ఆ ఏడు తెరేసమ్మగారికి ఆస్ట్రేలియా కాయితాలు వచ్చాయి. పెర్త్‌లో కూతురు ఉంది, రమ్మంటోంది. "క్లాసు సంగతి తేలితే గానీ కదలను" అని ఆవిడ కూర్చుంది. తేల్చడానికి క్లబ్బు సెక్రటరీ వెంకటకృష్ణారావుగారు రూలు పుస్తకం తీశారు. ఇక్కడ డాన్సు నేర్పేవాళ్లకి మద్రాసులో ఉన్న టీచర్ల సంఘం సర్టిఫికెట్టు ఉండాలి. ఆవిడ తప్ప అది ఉన్నవాళ్లు కాలనీలో లేరు. కాబట్టి ఆవిడ వెళ్లగానే క్లాసు మూసేసి, హాల్లో పేకాట బల్లలు వేయించాలని ఆయన ఉద్దేశం. ఎన్ని పడతాయో నా కళ్లముందే అడుగులతో కొలుచుకున్నారు కూడా.

మరుసటి వారం పోతురాజు మడత కాయితం ఒకటి పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు.

"అమ్మాయిగారండీ, ఈ ఫారం ఇంగ్లీషులో ఉందండి. కాస్త నింపి పెడతారా అండీ?"

"ఎవరి కోసం?"

"నాకేనండి. టీచరు పరీక్షకి కడతానండి."

అప్పుడు నవ్వాను. ఆపుకోలేకపోయానని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి ఆపుకోవాలని ప్రయత్నించలేదు. నేను నవ్వడం అయ్యేదాకా ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు.

"నీకు ఎన్ని డాన్సులొచ్చు పోతురాజూ?"

"పదండి."

ఎక్కడికి పదమంటున్నాడో అర్థం కాక మొహం చూశాను.

"పది డాన్సులండీ. రెండు వరసలు, వరసకి అయిదు. మొదటి వరసలో వాల్ట్జ్, టాంగో, వియన్నా వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్. వీటిని మోడరన్ అంటారండి, పాతవే అయినా. రెండో వరస లాటిన్. సాంబా, రుంబా, చా చా చా, పాసో డోబ్లే, జైవ్."

"రెంటికీ తేడా ఏమిటట?"

"మొదటి వరసలో ఒకసారి పట్టుకుంటే పాట అయ్యేదాకా జోడీ విడిపోకూడదండి. లాటిన్‌లో విడిపోవచ్చు, గిర్రున తిరగొచ్చు, మళ్లీ కలవొచ్చు. అది పుస్తకం లెక్క. నా లెక్క ఇంకోటి ఉందండి. హాలు చుట్టూ పోయేవీ, ఉన్నచోటే ఆడేవీ. సాంబా, పాసో డోబ్లే లాటిన్‌లో కూర్చున్నాయి గానీ అవి కూడా చుట్టూ పోతాయండి. కదలకుండా ఆడేవి మూడే. రుంబా, చా చా, జైవ్."

చెప్పి ఊరుకోలేదు. బీరువాల మధ్య ఉన్న మూడడుగుల జాగాలో ఒక్కోదానికి నాలుగేసి అడుగులు వేసి చూపించాడు. వాల్ట్జ్‌లో మడమలు మెల్లగా లేచి మెల్లగా దిగాయి. "టాంగోకి ఈ లేవడం ఉండదండి, పిల్లి నడిచినట్టు నేలని పట్టుకునే ఉండాలి" అంటూ మోకాళ్లు వంచి సాగాడు. ఫాక్స్‌ట్రాట్ అంటే నక్క నడకా అని నేను వెక్కిరించబోయాను. "ఊరికే నడుస్తున్నట్టు కనపడుతుంది చూడండి, అన్నిట్లోకీ కష్టం అదేనండి" అని ఆయన నడిచేసరికి వెక్కిరింపు మరిచిపోయాను. ఆ ఖాకీ చొక్కా, ఆ చెప్పులు లేని పాదాలు ఏవీ కనపడలేదు నాకు. ఎంత అందంగా నడిచాడని! ఫారం తీసుకుని, పూర్తి పేరు అడిగి, అక్కడినుంచి "మీరు" అన్నాను.

పరీక్ష మొదటి వరస అయిదు డాన్సుల్లోనే. టీచరు కాబోయేవాడు వాటిలో ఆడవాళ్ల వంతూ మగవాళ్ల వంతూ రెండూ ఆడి చూపించాలి. ఆడవాళ్ల వంతుకి బెంగ లేదు. చిక్కంతా మగవాళ్ల వంతులో వచ్చింది. ఎటు తిరగాలో, ఎప్పుడు ఆగాలో మగవాడే అనుకుని, మాట లేకుండా చేతి పట్టుతోనే ఆడమనిషికి తెలియజెయ్యాలి. తెరేసమ్మగారితో సాధన మొదలుపెట్టగానే పోతురాజు ప్రతి మలుపు ముందూ "ఇటు తిరుగుదామా అండీ?" అనడం మొదలుపెట్టాడు. అడగొద్దని ఆవిడ కసిరాక అది కుదించుకుని కుదించుకుని "అండీ" దగ్గర ఆగింది. వాల్ట్జ్‌కి మూడే లెక్కలు. పోతురాజు వాల్ట్జ్‌కి నాలుగు. ఒకటి, రెండు, మూడు, అండీ. ఆ నాలుగోదాంట్లో పాట ముందుకెళ్లిపోయేది, వీళ్లిద్దరూ వెనకబడిపోయేవాళ్లు.

"నన్ను అడక్కు పోతురాజూ, తీసుకెళ్లు!" అని ఆవిడ అరిచేది.

"అట్టాగేనండి" అని మళ్లీ అడిగేవాడు.

నోరు కట్టేసుకుని ఆడమంది. నోరు ఊరుకుంది గానీ భుజం ఊరుకోలేదు. మలుపు రాగానే కాస్త వంగి, తప్పుకుని దారిచ్చేది. దొరసానులకి తలుపు తీసి పక్కకి తప్పుకోవడం ఏళ్ల తరబడి అలవాటైన ఒళ్లు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు. "ఒరేయ్" అని పిలిచి, ఆ వంగిన భుజం మీదే చెయ్యేసి డాన్సు నేర్చుకున్న పెద్దమనుషుల మీద. వాళ్లలో మా సూపరింటెండెంటు కూడా ఉన్నాడు.

"మీరు అండీ అనని ఆడమనిషి ఈ లోకంలో ఒక్కరూ లేరా?" అని విసుక్కున్నాను ఒకరోజు.

ఆయన తీరిగ్గా ఆలోచించి, "మా ఇంటిదండీ" అన్నాడు.

ఆ ఇంటిది నాకు తెలుసు. పటమటలో మా వీధికి చేపలు తెచ్చే నాంచారమ్మే. ఆవిడ కేక మా వీధి మొదట్లో వినపడితే చివరింట్లో పిల్లి లేచేది. మర్నాడు గుమ్మం ముందు గంప దించగానే మా నాన్న వినకుండా మెల్లగా సంగతి చెప్పాను.

"ఏందీ? పదిమందిలో మొగుడి భుజం మీద చెయ్యేసి గంతులెయ్యాలా? చేపలమ్ముకునేదాన్ని అమ్మాయిగారూ, సిగ్గమ్ముకునేదాన్ని కాదు" అంది. బొమ్మిడాయిలు ఇచ్చేసి, గంపెత్తుకుని వెళ్లిపోయింది.

కానీ ఆ శనివారమే క్లబ్బుకొచ్చింది. మొగుడు అక్కడ ఏం వెలగబెడుతున్నాడో చూద్దామని వచ్చిందట. లోపల తెరేసమ్మగారు లెక్క చెబుతూ "చా, చా, చా!" అని గట్టిగా అంటోంది. నాంచారమ్మ తలుపు తోసుకుని హాలు మధ్యకి దూసుకొచ్చింది.

"ఏందమ్మా, మావోణ్ని ఛా ఛా అంటన్నావు? ఏం తప్పు జేశాడని?"

అది డాన్సు పేరని చెప్పి నమ్మించేసరికి అందరి తలప్రాణం తోకకొచ్చింది. నమ్మాక పడీ పడీ నవ్వి, గోడవార చతికిలబడి చూసింది. పాట మారింది, వాల్ట్జ్ వచ్చింది. మొగుడు మలుపు దగ్గర నసిగాడు, లెక్క తప్పాడు. రెండోసారి తప్పాడు. మూడోసారికి ఆవిడ చెంగు బిగించి లేచింది.

"ఏందయ్యా ఆ నసుగుడు? ఇంట్లో నా మీద అరిచేప్పుడు లేదే! ఇట్టా పట్టుకో."

పోతురాజు పట్టుకున్నాడు. నెత్తిన గంప మోసే మెడ ఆవిడది, ఇటు వాలదు, అటు వంగదు. ముప్ఫయ్యేళ్లుగా ఎవరికీ నేర్పలేకపోయిన మెడ ఈవిడకి పుట్టుకతో వచ్చిందని తెరేసమ్మగారు నా చెవిలో చెప్పి మురిసిపోయింది. నాలుగు నెలల్లో మొదటి వరస అయిదు డాన్సులూ మొగుడితో ఆడే స్థితికొచ్చింది. ఆవిడతో ఆడినంతసేపూ ఆయన నోట అండీ లేదు, భుజంలోనూ లేదు.

డెబ్భై నాలుగు ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం మద్రాసు నుంచి పరీక్షకుడు వచ్చాడు. మెడకి బో కట్టుకున్న సన్నటి ముసలాయన. తెలుగు రాదు, అందుకని మాట మార్చి చెప్పడానికి నేను. చూడటానికి వచ్చిన కాలనీవాళ్లు గోడవార నిలబడ్డారు. తెరేసమ్మగారు మగవాడి వంతు ఆడితే, ఆడవాళ్ల వంతు పోతురాజు ఆడాడు. పరీక్షకుడు కలం పక్కన పెట్టేసి చూశాడు. తర్వాత నోటి ప్రశ్నలు. ఏ అడుగు ఎటు చూస్తూ వెయ్యాలో చెప్పమన్నాడు. కుడీ ఎడమా అంటే చాలదట, హాల్లో జోడీ తిరుగుతూ ఉంటుంది కాబట్టి కుడీ ఎడమా మారిపోతుంటాయి.

"దరికి ఏటవాలుగా వేసి, లోతుకి వీపు పెట్టి తిరగాలండి" అన్నాడు పోతురాజు.

నేను తడబడి దరిని సముద్రపొడ్డనీ, లోతుని నడిసముద్రమనీ ఇంగ్లీషులో చెప్పేశాను. ముసలాయన కళ్లజోడు తీసి నా వంక చూశాడు. తెరేసమ్మగారు కలగజేసుకుంది. ఈయన హాలు గోడల్ని దరి అంటాడు, హాలు మధ్యని లోతు అంటాడు, పడవ మీద అలవాటు. పుస్తకంలో కూడా గోడ, మధ్య అనే ఉంటుందట. పరీక్షకుడు మరో తొమ్మిది ప్రశ్నలు వేశాడు. తొమ్మిదింటికీ దరీ లోతూ ఒక్కసారి కూడా తారుమారు కాలేదు.

ఇక మగవాళ్ల వంతు. నాంచారమ్మతో నాలుగు డాన్సులు చక్కగా ఆడాడు. చివరికి వాల్ట్జ్ మిగిలింది. పరీక్షకుడు చెయ్యెత్తి ఆపాడు.

భార్యతో ఆడటం చూశాను, బాగుంది అన్నాడు. అయితే టీచరు దగ్గరికి ఏమీ రానివాళ్లు వస్తారు. ఏమీ రాని ఒక మనిషిని పట్టుకుని హాలు చుట్టూ తిప్పి చూపించాలి. ఇందులో తప్పితే మొత్తం తప్పినట్టే. ఇంతా చెప్పి నా వైపు చూపించాడు.

నేను దాన్ని తెలుగులో చెప్పాను. పెళ్లి కావలసిన పిల్లని. పరాయి మగవాడి భుజం మీద చెయ్యి. పైగా నాంచారమ్మని మా అమ్మ గుమ్మం దాటి లోపలికి రానిచ్చేది కాదు, మంచినీళ్లు అడిగితే చేతులు తగలకుండా ఎత్తి పోసేది. నేనూ చూస్తూ పెరిగినదాన్నే, ఒక్కనాడూ తప్పనలేదు. నాన్న చెవిన పడితే ఉద్యోగం మానిపించడం ఖాయం.

పోతురాజు నా మొహంలోకి చూసి అంతా గ్రహించాడు. పరీక్షకుడి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"వద్దండి. అమ్మాయిగారికి మాటొస్తుందండి. తప్పానని రాసుకోమనండి."

ముసలాయన నా వైపు తిరిగి, ఏమంటున్నాడని అడిగాడు.

"సరే, ఆడతానంటున్నాడు" అని ఇంగ్లీషులో చెప్పి, చెప్పులు విప్పి, పోతురాజు ముందుకెళ్లి చెయ్యి చాచాను. జీవితంలో నేను కావాలని మార్చి చెప్పిన మాట అదొక్కటే.

గ్రామఫోను ముల్లు దిగింది. పాట మొదలైంది. ఆయన ఒక చేత్తో నా చెయ్యి అందుకుని, రెండోది నా వీపు మీద ఆనీ ఆననట్టు ఉంచాడు. నన్నెవరూ తొయ్యలేదు, ఎవరూ లాగలేదు. కానీ నా కాలు వెనక్కి వెళ్లింది, దాని వెంట రెండోది వెళ్లింది, గోడ పక్కనుంచి కిటికీలు ఒకటొకటే దాటిపోతున్నాయి. మూల దగ్గర నా కాళ్లు చిక్కుపడ్డాయి. ఇక పడిపోతాననుకున్నాను. ఆయన ఆగలేదు. నా బరువు ఏ కాలి మీదుందో తెలిసినట్టు, ఆ మూడు లెక్కలూ నన్ను ఉన్నచోటే ఊపి, తర్వాత మెల్లగా తిప్పి తీసుకెళ్లిపోయాడు. భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. ఒక్క అండీ లేదు. ఏమీ రాని నేను ఆ మూడు నిమిషాలు వచ్చినదానిలాగే తిరిగాను. అటువంటి పనివాణ్ని నేను మళ్లీ చూడలేదు. పాట ఆగేసరికి నాకు చెమటలు పట్టాయి, ఆయన మాత్రం చల్లగా ఉన్నాడు.

పరీక్షకుడు అక్కడికక్కడే కాయితం మీద రాసి, లేచి నిలబడి, రెండు చేతులతో అందించాడు. పాసు. ఆడవాళ్ల వంతులో ఆ ఏడు తాను చూసినవాళ్లందరిలో మొదటివాడట. నాంచారమ్మ వేసిన కేకకి లోకో షెడ్డు నుంచి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. వెంకటకృష్ణారావుగారు రూలు పుస్తకం మడిచి చంకలో పెట్టుకున్నారు. హాల్లో పేకాట బల్లలు పడలేదు. ఆ తర్వాత తాను రిటైరయ్యేదాకా శనివారాలన్నీ పోతురాజు మాస్టారివే. నాంచారమ్మ వస్తోందని తెలిసి కాలనీ ఆడవాళ్లలో చాలామందికి తలనొప్పులు తగ్గాయి. మా నాన్న చెవిన పడనే పడింది. రెండు నెలలు మాట్లాడలేదు గానీ ఉద్యోగం మానిపించలేదు.

అవన్నీ తర్వాత సంగతులు. ఆ ఆదివారం హాలంతా చప్పట్లు కొడుతుంటే తెరేసమ్మగారు గ్రామఫోను పక్కన కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంటోంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"తులసీ, పెర్త్‌కి ఒక ఉత్తరం టైపు చేసి పెట్టు. వచ్చే నెల బయల్దేరుతున్నానని."

పోతురాజు విన్నాడు. ఆయన మొహంలో సంతోషం మెల్లగా దిగిపోవడం నేను చూశాను. ఇన్ని నెలలూ క్లాసు నిలబెట్టాలనే గానీ, నిలబడిన రోజున ఆవిడ వెళ్లిపోతుందన్న మాట ఆయన బుర్రకి తట్టినట్టు లేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తట్టలేదు.

"అయితే నేను పరీక్ష తప్పుంటే మీరు ఉండేవోరా అమ్మా?" అని అడిగాడు.

ఆవిడ ఆయన వైపే చూస్తూ, "ఉండేదాన్నే" అంది.

పోతురాజు ఆ కాయితాన్ని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పరీక్షకుడు అప్పటికి సంచీ సర్దుకుంటున్నాడు. దీన్ని వెనక్కి తీసుకుంటారేమో ఆ పెద్దాయన్ని ఒక్కసారి అడిగి చూడమన్నాడు. నేను అడగలేదు.